మా ఇంటి గుర్తు

మా ఆయనకి మనుషుల ముఖాలు గుర్తుండవు. పెళ్ళయిన కొత్తలో సంతలో నన్ను వదిలేసి, నా చీర రంగు చీరే కట్టుకున్న ఇంకెవరో ఆవిడ వెనకాల వీధి చివరిదాకా నడిచిన ఘనుడు. అదే ఒక చొక్కా చేతికివ్వండి, కాలరు తిప్పి చూసి అది ఏ వీధిలో ఏ గేటు వాళ్ళదో, ఆ ఇంట్లో తండ్రిదో కొడుకుదో ఠక్కున చెప్పేస్తాడు. అది వాళ్ళ నాన్న నేర్పిన విద్య. ఆ విద్యే కొంప ముంచింది. మా ఒక్క కొంపే ముంచి ఉంటే నేనిలా నోరు చేసుకునేదాన్ని కాదు.

మా మామగారు ఊరందరి బట్టలూ ఉతికే మనిషి. నల్లజీడి గింజని సూదితో పొడిస్తే నల్లటి జిడ్డు రసం ఊరుతుంది. ఆ రసంతో బట్ట మీద కనపడని చోట చిన్న గుర్తు పెట్టి, దాని మీద తడిసున్నం అద్దితే ఇక బట్ట చిరగాలే గానీ గుర్తు చెరగదు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. కొన్నిళ్ళకి చుక్కలు, కొన్నిళ్ళకి గీతలు, కొన్నిళ్ళకి కొక్కేలు. అవేవీ ఎక్కడా రాసిపెట్టి ఉండవు, మామగారి బుర్రలోనే ఉండేవి. ఆ రసం చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఆయన కుడిచేతి చూపుడువేలు కొస ఎప్పుడూ నల్లగా, తోలు ఊడిపోయి ఉండేదట. మా ఆయనదీ అంతే. పెళ్ళిచూపుల్లో ఆ వేలు చూసి, ఇదేం రోగమోనని మా అమ్మ రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఈ గుర్తుల మీద మా ఆయనకి అంత పిచ్చి ఎందుకంటే దానికో కారణం ఉంది. ఆయన తమ్ముడు పెళ్ళికి వెళ్తూ పడవ మునిగి పోయాడు. పడవ నిండా ఊరి జనమే. శవాలు తేలేసరికి ముఖాలు ముఖాల్లా లేవు. ఒడ్డున వరసగా పడుకోబెట్టారు గానీ ఎవరు ఎవరి మనిషో తెలియక, ఏ శవం మీద పడి ఏడవాలో తెలియక జనం నిలబడిపోయారట. అప్పుడు మామగారు వచ్చి ఒక్కొక్కరి పక్కనా మోకాళ్ళ మీద కూర్చుని, కాలరు తిప్పి చూసి, "ఈ బాబు ఫలానా వాళ్ళవాడు, తీసుకెళ్ళండి" అని చెప్పుకుంటూ వచ్చారు. అలా చెప్పుకుంటూ వచ్చి ఒక చొక్కా దగ్గర ఆగిపోయారు. అడ్డంగా ఒక గీత, దాని కింద మూడు చుక్కలు. అది మా ఇంటి గుర్తు. బిగుసుకుపోయిన ఒంటి మీంచి చొక్కా రాకపోతే కత్తెరతో కత్తిరించి తీశారు. బొత్తాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్న ఆ చొక్కాని మామగారు ఉతికి, మడతపెట్టి, పోయేదాకా తన పెట్టెలోనే ఉంచుకున్నారు.

ఎవరి మనిషి వాళ్ళింటికి చేరాడంటే మీ నాన్న చలవేనని ఊరు ఊరంతా మా ఆయనతో అన్నారట. అప్పటికి ఆయనకి మీసం కూడా రాలేదు. ఆ మాట ఆయన బుర్రలో దిగబడిపోయింది. దేశం కాని దేశం వచ్చేటప్పుడు అందరూ పచ్చళ్ళు మూటగట్టుకుంటారు. మా ఆయన ఒక సీసాడు నల్లజీడి గింజలు మూటగట్టుకున్నాడు.

ఇక్కడ మొదట ఒక పెద్ద లాండ్రీలో కూలికి చేశాం, ఆ తర్వాత ఈ షాపు అద్దెకి తీసుకున్నాం. వీధి మీదికి అద్దాల తలుపు, తలుపుకో గంట, లోపల కౌంటరు, కౌంటరు వెనక ఆవిరి బాయిలరు, ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా ఇనపకడ్డీలకి వేలాడే కోట్లు. ఆ వెనక మా గది. గదిలో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. నేను పక్కకి తిరిగి దూరాల్సిందే. "తలుపు చిన్నది కాదే, నువ్వే పెద్దదానివి" అని మా ఆయన పరాచికం. పై అంతస్తులో మాకు అద్దెకిచ్చిన ఇంటామె, ఆమె కూతురు.

ఈ దేశంలో లాండ్రీలన్నీ బట్టకి కాగితం చీటీ గుచ్చుతాయి. అది చూస్తే మా ఆయనకి ఒళ్ళు మంట. "నీళ్ళల్లో వేసే బట్టకి కాగితమా! వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది" అని, వచ్చిన ప్రతి బట్టకీ తన గుర్తు తగిలించాడు. కొత్త చొక్కా మీద నల్ల చుక్కలేంటని మొదట్లో జనం నా మీద కలబడ్డారు. నేనే అందరికీ నచ్చచెప్పాను. తర్వాత ఒకాయన కోటు ఎక్కడో రైల్లో మారిపోతే, అది పట్టుకుపోయినవాడు తెలియక మా షాపుకే ఉతకడానికి తెచ్చాడు. మా ఆయన అస్తరు తిప్పి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా కోటుని అసలు మనిషి ఇంటికి పంపించేశాడు. ఆ దెబ్బతో పేటంతా ఆయన పేరు మోగిపోయింది. గుర్తు పెట్టకుండా ఇస్తే, మాకు గుర్తేదని అడిగేవాళ్ళు తయారయ్యారు.

నేను నచ్చచెప్పాను అన్నాను కదా, నాకు ఈ భాష నేర్పింది ఇంటామె కూతురు. బడిలో టీచరు. మనిషి చీపురుపుల్ల. గట్టిగా గాలేస్తే మెట్ల మీద పట్టుకోవాలి. చిన్నపిల్లల వాచకం తెచ్చి, కౌంటరు మీద పెట్టి, నాకు పాఠం చెప్పేది. బదులుగా తనకి మన మాటలు కావాలంది. మిగతావన్నీ మర్చిపోయింది గానీ రెండు మాటలు మాత్రం పట్టుకుంది. నేను పిన్ని, మా ఆయన బాబాయ్. ఆ రెండు మాటలూ ఆ పిల్ల నోట వంకరగా పలికేవి, అయినా వినడానికి భలే ఉండేవి. మాకు పిల్లల్లేరు. ఆ సంగతి ఇక్కడ ఇంతకంటే చెప్పను.

మా ఆయనకి మాత్రం ఈ భాష అబ్బలేదు. 'మరక', 'రేపు', 'కుదరదు' అనే మూడు మాటలతో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. మిగతాదంతా నా నోరే. టీచరమ్మ కష్టపడి 'మా ఇల్లు' అనే మాట నేర్పబోతే, 'మా మరక' అనేవాడు. ఆ పిల్ల కౌంటరు పట్టుకుని నవ్వేది. ఆ నవ్వు కోసమే కావాలని తప్పు పలికేవాడేమో అని నాకిప్పటికీ అనుమానం. ఇంటామె వాళ్ళ బట్టలకి ఏ గుర్తు పెడదామని అడిగితే, "ఒకే కప్పు కింద ఉంటున్నాం, వేరే గుర్తెందుకు?" అని మా ఇంటి గుర్తే పెట్టాడు. మా ఆయన చొక్కా మీదా, నా రవికెల మీదా, వాళ్ళ బట్టల మీదా ఒకటే. అడ్డగీత, కింద మూడు చుక్కలు.

మా ఖాతాదారుల్లో ఒక పోలీసు అధికారి ఉండేవాడు. భుజాల మీద చారలు ఉంటాయి కాబట్టి ఇంట్లో చారలాయన అనుకునేవాళ్ళం. యూనిఫారం మడత కత్తిలా నిలబడాలంటాడు. ఒకరోజు కాలరు లోపల గుర్తు చూసి ఇదేంటని అడిగాడు. అడిగిందే తడవు, మా ఆయన పొంగిపోయాడు. నన్ను పక్కన నిలబెట్టుకుని, నల్లజీడి గింజ దగ్గర్నుంచి పడవ దాకా మొత్తం చెప్పించాడు. తన చొక్కా కాలరు తిప్పి, ఇది మాది, పైన వాళ్ళదీ ఇదేనని చూపించాడు. పడవ సంగతి చెబుతున్నప్పుడు చారలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. "మీ నాన్నగారు గొప్పవారు" అన్నాడు. ఆ మాట మా ఆయనకి చెబితే నెలంతా నేల మీద నడవలేదు.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. ఓట్లలో మోసం జరిగిందన్నారు, జనం రోడ్ల మీదికొచ్చారు. ఇక రోజూ ఊరేగింపులు, లాఠీలు, కళ్ళు మండించే పొగ. ఆ పొగకి మా షాపులో ఉతికిన బట్టలు కూడా ఘాటెక్కేవి. మేం షట్టరు సగం దించి పని చేసుకునేవాళ్ళం. ఊరి నుంచి ఫోన్లు. "టీవీలో చూపిస్తున్నారు, కాలిపోయే ఆ బస్సు మీ వీధేనా?" అని మా ఆడపడుచు అడుగుతుంది. కాదు, ముందు వీధి అంటే కాస్త నిరాశపడినట్టు ఉండేది. హోటల్లో వంట చేసే మనవాడు ఒకడున్నాడు, వంట మాస్టారు అంటాం. ఆయన వచ్చి రోజూ ఒకే పాట. "మనకెందుకమ్మా? మనం పరాయివాళ్ళం. ఎవడు గద్దె ఎక్కినా వాడి చొక్కా మీరే ఇస్త్రీ చేస్తారు, వాడి కూర నేనే వండుతాను." నిజమే కదా అని నేనూ తలూపేదాన్ని.

పోలీసులు లారీల మీంచి జనం మీదికి నీలం నీళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. ఆ నీలం బట్టలకి పట్టిందంటే వదలదు. ఇంటికెళ్ళే దారిలో బస్సులు ఆపి, నీలం మరక కనపడినవాళ్ళని కనపడినట్టు లాక్కుపోయేవారు. ఒకనాటి పొద్దున టీచరమ్మ తన లేతరంగు జాకెట్ పట్టుకుని దిగింది. వీపంతా నీలం. మా ఆయన దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసిన చూపు చూడాలి, పెళ్ళికొడుకుని చూసినట్టు చూశాడు. గద్దెల గొడవ ఆయనకేం తెలుసు? ఆయనకి మరక శత్రువు, అంతే. మూడు బకెట్లలో మూడు రకాల మందులు కలిపి ఆ నీలాన్ని దించాడు. అది ఏ మందుకి దిగిందో నేను చెప్పను. ఎలా పాకిందో మరి, ఆ వారమంతా పేటలో పిల్లలు చంకలో మూటలు పెట్టుకుని వెనక తలుపు నుంచి రావడం మొదలుపెట్టారు. ఆయన అన్నీ ఉతికాడు. అన్నిటికీ, అలవాటు ప్రకారం, గుర్తు పెట్టాడు.

"వీటికి కూడా ఎందుకండీ?" అన్నాను.

"గుర్తు లేకపోతే ఎవరిది ఎవరికిస్తావే?" అన్నాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి.

ఆ తర్వాత వంతెన మీద పెద్ద గొడవ జరిగింది. జనం వంతెన మధ్యకి చేరాక పోలీసులు రెండు పక్కలా మూసేసి నీలం నీళ్ళు కొట్టారట. కాల్పులు కూడా వినిపించాయి. ఎంతమంది పోయారో ఎవరికీ తెలియదు, రేడియో ఎవరూ పోలేదంది. ఆ రాత్రి టీచరమ్మ ఇంటికి రాలేదు. పైన ఇంటామె అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు మా కప్పు మీద వినిపిస్తూనే ఉంది. తెల్లారకుండానే మా ఆయన లేచి, ఏడుపు ముఖంతో బాయిలరు వెలిగించుకోవడానికి షాపులోకి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన కాసేపటికి మెట్ల దగ్గర అలికిడైతే చూశాను. టీచరమ్మ. లోపలి పలచటి చొక్కాతో, వణుకుతూ. "జాకెట్ పోయింది పిన్నీ" అంది. అంతా నీలమైపోతే విప్పి రోడ్డు మీద పారేసి, ఎవరింట్లోనో దాక్కుని వచ్చిందట. అందరూ అలాగే విప్పి పారేసి పరిగెత్తారంది. నేను ఆ పిల్లని పైకి తోసి, తలంటుకోమని చెప్పి, టీ పెట్టుకుని, మా ఆయనకి చల్లటి కబురు చెబుదామని షాపులోకి నడిచాను. అప్పటికే గుమ్మం ముందు పోలీసు వ్యాను ఆగి ఉంది.

చారలాయన, ఇద్దరు జవాన్లు, నాలుగు గోనెసంచులు. తడి సంచులు, నేలంతా నీలం నీళ్ళు కారుతున్నాయి. చారలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీ ఆయన సాయం కావాలమ్మా" అన్నాడు. "నిన్న వంతెన మీద తొక్కిసలాట జరిగింది. చాలామంది నదిలో పడిపోయారు. ముఖాలు గుర్తుపట్టేట్టు లేవు. తల్లులు వచ్చి స్టేషను ముందు కూర్చున్నారు. వాళ్ళ నాన్నగారు చేసిన పని ఈయన చేస్తే, ఎవరి బిడ్డ వాళ్ళకి అప్పజెబుతాను."

ఈ మాటలు నేనే మా ఆయనకి మన భాషలో చెప్పాను. చెబుతుండగానే ఆయన మోకాళ్ళ మీద కూలబడి మొదటి సంచి మూతి విప్పాడు. నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. టీచరమ్మ వచ్చిందన్న మాట నా నాలుక చివరే ఉంది. అంతమంది పోయినవాళ్ళ బట్టలు ముందు పెట్టుకుని, మన పిల్ల క్షేమంగా ఉందని సంబరంగా ఎలా చెప్పను? కాసేపాగి చెబుదాంలే అనుకున్నాను. నన్ను ఏమైనా అనదలుచుకుంటే ఇక్కడే అనండి, నేను పడతాను. ఆ తర్వాత జరిగినదానికి మాత్రం పడను.

"రక్తం లేదేంటే?" అన్నాడు మా ఆయన మొదటి చొక్కా చూసి. అడిగాను. నీళ్ళలో కొట్టుకుపోయింది అన్నాడు చారలాయన. ఆ జవాబు ఆయనకి సరిపోయింది. కాలరు తిప్పాడు. రెండు చుక్కలు, ఒక కొక్కెం. "మందుల షాపు పక్క సందు, ఇనప మెట్లున్న ఇల్లు. అయ్యో, వాళ్ళ పెద్దవాడు. గట్టిగా తలుపేసే పిల్లాడు" అన్నాడు. నేను చెప్పాను. జవాను రాసుకున్నాడు. తర్వాతది. "బేకరీ మీద రెండో అంతస్తు. అక్కాతమ్ముళ్ళలో అక్క." నేను చెప్పాను. ఒక్కో బట్ట తీసి, దులిపి, గుర్తు చూసి, ఒకసారి కళ్ళకద్దుకుని పక్కన మడతపెడుతున్నాడు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. గొంతు మాత్రం గట్టిగా, స్పష్టంగా ఉంది. అచ్చం వాళ్ళ నాన్న అయిపోయాడు. పాపిష్టిదాన్ని, ఆ క్షణంలో నాకు ఆయన్ని చూసి గర్వం కూడా కలిగింది.

మూడో సంచిలో లేతరంగు జాకెట్ వచ్చింది.

ఆయన అస్తరు తిప్పి చూశాడు. తర్వాత జాకెట్‌ని గుండెకి హత్తుకుని, "అమ్మా, టీచరమ్మా, ఎంత పని చేశావు తల్లీ" అని బావురుమన్నాడు. నాకు మాత్రం అప్పుడు తెలిసింది. ఈ జాకెట్ వేసుకున్న పిల్ల పైన తలంటుకుంటోంది. ఇవి చచ్చినవాళ్ళ బట్టలు కావు. బతికి బయటపడ్డవాళ్ళు విప్పి పారేసినవి. మేము పొద్దుట్నుంచి చెబుతున్నవి శవాల ఇళ్ళు కావు.

"ఏమంటున్నాడు?" అన్నాడు చారలాయన.

"ఇది తెలియదంటున్నాడు" అన్నాను. మా ఆయన వైపు తిరిగి, "నోరు ముయ్యండి, ఆ పిల్ల బతికే..." అనేసరికి జవాను నా జబ్బ పట్టుకుని గోడకేసి నెట్టాడు. టీ గ్లాసు పగిలింది. "మా భాషలోనే మాట్లాడు" అన్నాడు చారలాయన. ఇందాకటి 'అమ్మా' ఎటుపోయిందో. మా ఆయనకి ఇవేవీ పట్టలేదు. జాకెట్‌లో ముఖం పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు.

చారలాయన తాపీగా వంగి జాకెట్ అస్తరు చూశాడు. తర్వాత మా ఆయన మెడ వెనక చెయ్యి పెట్టి, చొక్కా కాలరు తిప్పి చూశాడు. అడ్డగీత, కింద మూడు చుక్కలు. అది ఎలా చదవాలో ఆయనకి నేర్పింది మేమే కదా.

"మీ ఇంటిదే" అన్నాడు. "ఎవరిది?"

"నాది" అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. జాకెట్ లాక్కుని నా ఒంటికి ఆనించి పెట్టాడు. అది నా ఒక భుజం నుంచి రెండో భుజం సగం దాకా కూడా రాలేదు. జవాన్లు పగలబడి నవ్వారు. "దీని చెయ్యి నీ మణికట్టు దాటుతుందా?" అన్నాడు ఒకడు. "నాదే, పాతది, సన్నగా ఉన్నప్పటిది" అన్నాను. అప్పటికి నాకు ఏడుపొస్తోంది. నా బతుకులో నేనెప్పుడూ సన్నగా లేను.

మా ఆయన తలెత్తాడు. జవాన్లు నవ్వడం, ఆ జాకెట్ నా ఒంటి మీద ఉండడం చూశాడు. చచ్చిపోయిన పిల్ల బట్టతో పరాచికాలేంటని ఆయన మనసు గింజుకుని ఉంటుంది. లేచి, నా మీంచి జాకెట్ లాగేసి, నాది కాదన్నట్టు తల గట్టిగా అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత నల్లటి చూపుడువేలు ఎత్తి, కప్పు వైపు చూపించాడు. ఆ వేలికి నేను అర్థం చెప్పక్కర్లేకపోయింది.

జవాన్లు మెట్లెక్కారు. పైన కుర్చీ పడ్డ చప్పుడు, ఇంటామె అరుపు. టీచరమ్మ ఇద్దరి మధ్యా దిగింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి, చెవి వెనక నీలం ఇంకా పోలేదు. మా ఆయన చూశాడు. నా పెళ్ళినాటి నుంచీ ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. "బతికే ఉంది! ఏమే, టీచరమ్మ బతికే ఉందే!" అని కేకేసి, నవ్వుతూ, ఏడుస్తూ, చారలాయన దగ్గరికి పరిగెత్తి రెండు చేతులూ జోడించాడు. వంగి కాళ్ళకి కూడా దణ్ణం పెట్టాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు చారలాయన.

"మీకు దణ్ణం పెడుతున్నాడు" అన్నాను.

చారలాయన నవ్వి ఆయన భుజం తట్టాడు. "బాబాయ్" అంది టీచరమ్మ వెళ్తూ వెళ్తూ. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. అప్పుడు మా ఆయన తలెత్తి చూసేసరికి, వెనక్కి విరిచి కట్టిన ఆ పిల్ల చేతులు కనిపించాయి. తలుపు గంట మోగింది. వ్యాను వెళ్ళిపోయింది. ఆయన నేల మీద పడి ఉన్న బట్టల కుప్ప దగ్గరికెళ్ళి ఒక్కో చొక్కా ఎత్తి చూడడం మొదలుపెట్టాడు.

"బొత్తాలన్నీ విప్పి ఉన్నాయే" అన్నాడు. "మునిగేవాడు బొత్తాలు విప్పుకుంటాడా? చూశానే. చూస్తూనే ఉన్నానే."

ఆ సాయంత్రానికి మేం చెప్పిన ఇళ్ళన్నిటికీ వ్యాన్లు వెళ్ళాయి. మర్నాడు మా అద్దాల తలుపుకి అద్దాలు లేవు. గంట మాత్రం ఉంచారు. ఆ తర్వాత పేటలో ఒక్కరూ మా షాపు గుమ్మం తొక్కలేదు. బేకరీవాడు నాకు రొట్టె అమ్మడు. వంట మాస్టారు వీధిలో ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాడు, మనకెందుకు అన్న పాటకి అర్థం అదేనని నాకు అప్పుడు తెలిసింది. ఊరికి పోదామంటే మా పాస్‌పోర్టులు చారలాయన దగ్గర. భద్రత కోసం దాచాడట. షాపుకి ఇప్పుడు వచ్చేవి పోలీసు యూనిఫారాలు ఒక్కటే. వాటికి మాత్రం కొదవ లేదు.

నల్లజీడి సీసాని మా ఆయన సింకులో బోర్లించి, గింజలన్నీ చేత్తో నలిపి పారేశాడు. మోచేతుల దాకా బొబ్బలు లేచాయి. నేనే నూనె రాశాను. ఒక్క గింజ ఎలాగో బల్ల కిందికి దొర్లి మిగిలిపోయింది.

అది మంచికే అనుకున్నాం. జైలుకి ఇంటి నుంచి బట్టలు పంపొచ్చట, కానీ గుర్తు లేకుండా పంపితే కలిసిపోతాయి, మళ్ళీ దొరకవట. ఒక పొద్దున ఇంటామె దిగి వచ్చి, కూతురి చొక్కాలు కౌంటరు మీద పెట్టింది. ఆ రోజు తర్వాత ఆమె మాతో మాట్లాడటం అదే మొదలు. ఇల్లు ఖాళీ చేయమని అనలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేదని మా ఆయన ఎదురుచూసేవాడు.

"గుర్తు పెట్టమను" అంది నాతో. అంతే, ఎక్కి వెళ్ళిపోయింది.

మా ఆయన బల్ల కింద దూరి ఆ గింజ వెతికి తీశాడు. సూదితో పొడిచి, పుళ్ళు పడ్డ చేత్తో, ఒక్కో చొక్కాకీ అడ్డగీత, కింద మూడు చుక్కలు పెట్టాడు. సున్నం అద్దాడు. ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు. ఆ చొక్కాలు వెళ్ళాయి. ఉతకడానికి తిరిగి వచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి. కాలరు మీద మురికి చూసి, "తలకి నూనె లేదు పాపం" అనో, "ఈ వారం కాస్త నిద్రపోయినట్టుంది" అనో చెప్పేవాడు. నిద్ర సంగతి కాలరు చూసి ఎలా తెలుస్తుందని నేను అడగలేదు. అది చెప్పుకునే ఆయన బతుకుతున్నాడు. వచ్చిన చొక్కాని ఉతికాక, ఇస్త్రీ అయ్యాక, పైకి తీసుకెళ్ళి మెట్ల మీద పెట్టి వచ్చేవాడు. ఇంటామె తీసుకునేది.

ఒక వారం బట్టలు రాలేదు.

ఆ తర్వాత వారం మధ్యాహ్నం చారలాయన వచ్చాడు. చేతిలో తన యూనిఫారాలు, వాటి మీద కాగితం పొట్లం ఒకటి. యూనిఫారాలు నా వైపు జరిపి, పొట్లం మా ఆయన ముందు పెట్టాడు. మా ఆయన విప్పాడు. టీచరమ్మ చొక్కా. బొత్తాలు మెడ దాకా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్క నుంచి చంక దాకా, చంక నుంచి చెయ్యి చివరిదాకా కత్తెరతో కత్తిరించి ఉంది.

"జబ్బు చేసింది" అన్నాడు చారలాయన నా వైపు చూడకుండా. "ఇది ఏ ఇంటిదో గుర్తుపట్టినవాళ్ళ నోటితో చెప్పాలి. రూలు. అడుగు."

నేను అడగక్కర్లేకపోయింది. మా ఆయన కాలరు తిప్పలేదు. తిప్పాల్సిన అవసరం ఏముంది? బొత్తాల మీద చెయ్యి పెట్టి, ఒక్కొక్కటే తడిమి చూశాడు. తర్వాత తలెత్తి చారలాయన కళ్ళలోకి చూసి, నా సాయం లేకుండా, ఈ దేశపు భాషలో, ఒక్క అక్షరం తప్పు పోకుండా అన్నాడు.

"మా ఇల్లు."

చొక్కాని మడతపెట్టుకుని, రెండు చేతుల్లో పట్టుకుని, మెట్ల వైపు నడిచాడు. మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. పైన తలుపు కొట్టిన చప్పుడు వినిపించింది. చారలాయన ఇంకా కౌంటరు దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను యూనిఫారాలు లెక్కపెట్టి తీసుకుని, ఎప్పటికి కావాలని అడిగాను.

సాయంత్రానికి అన్నాడు.